నడిచే మొక్కలు పద్నాలుగు

వెస్ట్‌మోర్లాండ్ కొండవాలులో మిస్ అయోనీ లైసెన్సు గంజాయి తోట. కంచె బయట ఆవిడా, లైసెన్సు ఆఫీసరూ నిలబడి ఉన్నారు. పొద్దున తొమ్మిది గంటలు, పడమట మబ్బు పడుతోంది.

"మొక్కలు నడుస్తాయా, మిస్ అయోనీ?"

"ముందు కూర్చో నాయనా. పుదీనా టీ కాచి ఉంచాను."

"టీ వద్దు. అడిగింది చెప్పండి. మొక్కలు నడుస్తాయా?"

"ఆఫీసరువి. చదువుకున్నవాడివి. నువ్వే చెప్పు."

"నడవవు."

"తెలిసిందే నన్నడగడం దేనికి మరి?"

"నా ట్యాబ్ నడుస్తున్నాయంటోంది కాబట్టి. ఇటు చూడండి. ఇది మీ తోట. ఈ ఆకుపచ్చ చుక్కలు మీ మొక్కలు. ఒక్కో మొక్క కాండానికి మీరు కట్టిన ప్రభుత్వ ట్యాగ్ ఒక్కో చుక్క. నూట తొంభై ఎనిమిది బుద్ధిగా ఉన్నచోటే ఉన్నాయి. ఈ పద్నాలుగున్నాయే..."

"ఆ, ఉన్నాయి."

"ఇవి నిన్న పొద్దున ఏడింటికి బయల్దేరి ఊట దగ్గరికి వెళ్ళాయి. సాయంత్రం అయిదింటికి తిరిగొచ్చాయి. ఈ పొద్దున మళ్ళీ వెళ్ళాయి."

"దాహం వేసి ఉంటుంది. ఎండలు చూశావుగా మొన్నటిదాకా."

"మిస్ అయోనీ!"

"అరవకు. వెళ్ళినవి తిరిగొస్తున్నాయిగా. మా ఆయన ఆ మాత్రం కూడా రాలేదు."

"నవ్వులాట కాదిది. నిన్న కింగ్‌స్టన్ పెద్దాఫీసులో గంట మోగింది. మొక్క కంచె దాటిందంటే బయట అమ్ముకుంటున్నారని లెక్క. ఒక్కరోజులో ఆఫీసరు వెళ్ళి చూసి మార్కు పెట్టాలి. అందుకే పొద్దున్నే పరిగెత్తుకొచ్చాను."

"వచ్చావుగా. చూశానని చెప్పు."

"ఏం చూశానని చెప్పను? నేను ఎర్ర మార్కు పెడితే పంట మొత్తానికి తాళం. ఒక్క కొమ్మ కోయడానికి లేదు. నూనె కంపెనీ లారీ ఎప్పుడొస్తోంది మీకు?"

"ఎల్లుండి."

"ఖాళీగా వెనక్కి పోతుంది. ఆ మబ్బు చూశారా? వాన పట్టుకుందంటే కోయని పువ్వు వారంలో బూజు. ఆ తర్వాత లైసెన్సు కూడా పోతుంది."

"తెలుసు."

"తెలిసీ నవ్వుతున్నారా?"

"కింద సావ్ పట్నం మార్కెట్లో ముప్పయ్యేళ్ళు పెండలం దుంపలమ్మినదాన్ని నాయనా. ఏడుపు మొహంతో కూర్చున్న రోజున ఒక్క దుంప పోలేదు. అప్పట్నుంచీ ఇదే అలవాటు."

"దుంపలు వేరు, ఇది వేరు. ఇది మందు. గింజ దగ్గర్నుంచి ఆస్పత్రి సీసా దాకా ప్రతి ఆకుకీ లెక్కుండాలి. ఆ లెక్క తప్పితే... అదేంటి చప్పుడు?"

"మేక."

"మేక కాదు, నా ట్యాబ్ కూస్తోంది. ఏదో ట్యాగ్ దగ్గరికొచ్చింది. నూట నలభై ఏడు. 'పూత మీద ఉంది, పదో వారం, ఆరోగ్యం.' ఎక్కడ? ఎక్కడుంది?"

"నీ వెనకే ఉంది. నీ చొక్కా నములుతోంది."

"ఏయ్! ఛీ! పో అవతలికి! ...మిస్ అయోనీ."

"ఊఁ."

"ఈ మేక మెడలో ఏంటది?"

"తాడు."

"తాడుకి?"

"పసుపు బిళ్ళ."

"బిళ్ళ మీద?"

"కళ్ళజోడు ఇంట్లో ఉంది. నువ్వే చదువు."

"నూట నలభై ఏడు! మొక్కకి కట్టాల్సిన ప్రభుత్వ ట్యాగ్ తీసుకెళ్ళి మేకకి కట్టారు!"

"సరిగ్గా చూసి మాట్లాడు. పోతుమేకకి కట్టాను. అది మగమొక్క బిళ్ళ. నా దగ్గర తేడా రాదు."

"మీకు మేకలెన్ని?"

"తొమ్మిది. పోతులు మూడే. చాలలేదు, మిగతావి ఆడవాటిక్కూడా కట్టాల్సొచ్చింది."

"ట్యాగులు పద్నాలుగు కదా?"

"అయిదింటికి రెండేసి. అయిదు రెళ్ళు పది, తక్కిన నాలుగింటికి నాలుగు. కుదిరిందా?"

"అందుకా! కొన్ని మొక్కలు జంటగా నడుస్తున్నాయని పెద్దాఫీసు వాళ్ళు రాశారు."

"అదీ రాశారా? పాపం, ఎంత శ్రద్ధ!"

"సాక్ష్యం కింద ఈ మేకల్ని నాతో పట్టుకెళ్ళాల్సొస్తుంది."

"పట్టుకెళ్ళు. సాయంత్రానికల్లా మీవాళ్ళు సాక్ష్యాన్ని సూపు కాచుకుంటారు. ఆ పోతు ముదురుది, బాగా ఉడకబెట్టమను."

"అసలు ఆ పద్నాలుగు మొక్కలేవి?"

"మేకల్లో ఉన్నాయి."

"అంటే?"

"తిన్నాయయ్యా. పీకి పడేస్తే తిన్నాయి. ఆ రోజంతా ఒక్కటీ అరవలేదు. కొండంతా ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నావు!"

"ఎందుకు పీకారు?"

"మగవి కాబట్టి. చిన్నప్పుడే తేలిన మగవాటిని నారుమడిలోనే తీసేశాం. ఈ పద్నాలుగూ దొంగ సచ్చినవి, బిళ్ళలు కట్టిందాకా ఆగి అప్పుడు బయటపడ్డాయి."

"సరే, బయటపడ్డాయి. రూలుంది కదా దానికి?"

"చెప్పు రూలు."

"మొక్క తియ్యాలంటే ముందు ట్యాబ్‌లో అర్జీ పెట్టాలి. మూడు రోజులాగాలి. ఆఫీసరొచ్చి చూసి, తూకం వేసి, ఫొటో తీశాక అప్పుడు తగలెయ్యాలి."

"మూడు రోజులు. మగపువ్వు విచ్చడానికి ఎంతసేపు పడుతుంది నాయనా?"

"అది వేరే సంగతి."

"అదే సంగతి. మీ మామ్మ వెర్బీనా ఈ కొండ మీదే ఉండేది. పెరట్లో మూడు మొక్కలు పెంచి, ఉబ్బసానికి కషాయం కాచి ఊరందరికీ పోసేది. నీకూ పోసింది. ఆవిడ చెప్పలేదా?"

"...ఒక్క పొద్దు."

"అదీ. ఎండెక్కేసరికి పుప్పొడి లేస్తుంది, గాలి ఎటుంటే అటు. ఒక్క మగది చాలు, నా నూట తొంభై ఎనిమిది ఆడమొక్కలూ కడుపుతో ఉంటాయి. పువ్వంతా గింజే. గింజ కట్టిన పువ్వులో నూనేదీ? మూర్ఛలొచ్చే పిల్లల తల్లులు ఆ నూనె కోసం చూస్తున్నారు. పిట్టలకిచ్చినట్టు వాళ్ళకి గింజలిమ్మంటావా?"

"అర్జీ పెట్టి చూడాల్సింది."

"పెట్టబోయాను. ఎందుకు తీస్తున్నావని అడిగింది మీవాళ్ళు నాకిచ్చిన పలక. జవాబులు కూడా అదే ఇచ్చింది, నాలుగు. దొంగతనం, నిప్పు, వరద, రోగం. మగది అన్న జవాబేదీ?"

"ఉండదు. ఆ సాఫ్ట్‌వేర్ చలిదేశం వాళ్ళు తయారుచేశారు. అక్కడ కప్పు కింద, దీపాల వెలుగులో పెంచుతారు. గింజ నాటరు. ఒకే తల్లిమొక్క కొమ్మలు తుంచి నాటుతారు. అన్నీ ఆడవే."

"దాంట్లో మగాడే లేడన్నమాట."

"లేడు."

"హాయిగా ఉండుంటుంది ఆ దేశం! నాది గింజ నాయనా. మా ముత్తాత కలకత్తా ఓడ దిగినప్పుడు మూటలో తెచ్చుకున్న గింజ. గంజా అన్న పేరు కూడా ఆ మూటలోంచి దిగిందే. నాటితే ఆడదీ వస్తుంది, మగదీ వస్తుంది. నన్నేం చెయ్యమంటావు?"

"రోగం అని పెట్టేయాల్సింది."

"మగతనం రోగమా?"

"అలాగని కాదు... తప్పదు కదా."

"పెడితే ఏమవుతుంది? చెప్పు, నీకు తెలుసు."

"తోట మొత్తం తగలబెట్టాలి."

"దొంగతనమంటే?"

"పోలీసులొస్తారు."

"నిప్పంటే కాలిన మొక్క ఫొటో పెట్టమంటుంది. వరదంటే, ఇంత కొండ మీద వరదేంటని నువ్వే నవ్వుతావు. అందుకని ఆఫీసుకి ఫోన్ చేశాను. పదకొండుసార్లు. ఆగస్టు నాలుగు నుంచి పదమూడు దాకా రోజుకొకటి, ఒకరోజు రెండు."

"మొక్కలు పీకిందెప్పుడు?"

"అయిదున, తెల్లవారుతూనే."

"అయిదున పీకేసి పదమూడు దాకా ఫోన్ దేనికి?"

"పీకేశానని చెబుదామని. వినేవాడు దొరకాలిగా."

"నాకు అరవై తోటలు మిస్ అయోనీ. నెగ్రిల్ నుంచి ఇక్కడి దాకా. ఉన్నది ఒక్క జీపు. అందులో... ఆ వస్తున్నదెవరు, మేకని లాక్కుంటూ?"

"పై తోట బ్రదర్ ఓబద్యా. నూట యాభై రెండు పొద్దున్నుంచీ కనబడకపోతే వెతకడానికెళ్ళాడు. దా బ్రదర్, దా!"

"సిస్టర్ అయోనీ, నీ నూట యాభై రెండు నా అరటిచెట్ల దగ్గర దొరికింది. ఒక పిలక సాంతం తినేసింది."

"ప్రభుత్వం తినేసిందనుకో. ఇదిగో, ఈయన ఆఫీసర్ లిన్‌వాల్. ఎప్పుడైనా చూశావా?"

"పేరు చూశాను. మనిషిని చూడ్డం ఇదే."

"మీరు... ఆ ఓబద్యా మీరేనా?"

"నేనే. ఏప్రిల్లో నువ్వు మూసేసిన తోట నాది."

"నేను మూయలేదు. సాఫ్ట్‌వేర్ మూసింది. నలభై ట్యాగులు చప్పుడు చెయ్యడం మానేశాయి. మొక్కలు కనబడలేదని..."

"కింద ఎవరి సంతకం?"

"నాదే. అది మామూలుగా అన్నిటికీ..."

"'తోటంతా వెతికాను, కనబడలేదు.' వెతికావా?"

"అప్పుడు వానలకి రోడ్డు కొట్టుకుపోయింది."

"ఆ రోడ్డు మీదే నడుచుకుంటూ సావ్‌లో మీ ఆఫీసుకొచ్చాను. నాలుగ్గంటలు నిలబడ్డాను. ఆఫీసరు తోటలు చూడ్డానికి వెళ్ళాడన్నారు. ఎవరి తోట, ఆఫీసర్? సిస్టర్‌లా నేను ముందు పీకలేదు. చట్టం ఏం చెప్పిందో అది చేశాను. అర్జీ పెట్టాను. కారణం దగ్గర ఏమీ నొక్కలేదు, ఆ నాలుగూ అబద్ధాలే కాబట్టి. మూడు రోజులాగమంది, ఆగాను. ఇంకో మూడన్నది. అవీ ఆగాను. నా కళ్ళ ముందే తోటంతా గింజ కట్టింది. ఏడో రోజు మగవాటిని పీకి, బిళ్ళలతో సహా తగలెట్టాను. ఎనిమిదో రోజు దొంగనయ్యాను."

"బ్రదర్, నేను..."

"మా నాన్న ఈ మొక్క కోసం రెండేళ్ళు జైల్లో ఉన్నాడు. అప్పటి చట్టం వద్దంది, ఆయన పెంచాడు. సరే. ఇప్పుడు చట్టం పెంచుకోమంది. చట్టం వెనకే నడిచాను. నేనూ దొంగనేనా? పైన దేవుడు జా చూస్తున్నాడు, నువ్వే చెప్పు."

"రేపు పొద్దున కింగ్‌స్టన్‌లో ఈయనకి ఆఖరి విచారణ. ఏం చెప్పుకున్నా వినరట, ట్యాబ్‌లో ఏముంటే అదే చూస్తారట. రేపటితో లైసెన్సు పూర్తిగా పోతుంది. తెలుసా నీకు లిన్‌వాల్?"

"తెలీదు. నిజంగా తెలీదు. ...అయినా ఆ ఫైలు వేరు. నేనొచ్చింది మేకల కోసం. ప్రభుత్వ ట్యాగులు మేకలకి కట్టడం మోసం మిస్ అయోనీ. నేను రాయక తప్పదు."

"రాయి. తారీఖు కూడా వెయ్యి. ఆగస్టు అయిదున పీకానని రాసి, నీ పలకలో నూట నలభై ఏడు తెరువు."

"ఎందుకు?"

"తెరువు. ఆగస్టు ముప్పయ్యిన ఏమనుంది? గట్టిగా చదువు. బ్రదర్‌కి కూడా వినబడాలి."

"'నాలుగడుగులు. పచ్చగా ఉంది. ఆరోగ్యం. కళ్ళారా చూశాను. లిన్‌వాల్.'"

"సెప్టెంబర్ పదిహేనున?"

"అదే."

"అక్టోబర్ ఒకటిన?"

"అదే. ఆపండింక."

"ఆగస్టులో మేక తిన్న మొక్కని మూడుసార్లు కళ్ళారా చూశావు. కంచె మూలల్లో గడలకి మీరు పెట్టిన పెట్టెలున్నాయే, అవి ట్యాగుల చప్పుడు పట్టి నీకు పంపిస్తాయి. నువ్వేమో కింద రోడ్డు మీద పర్లీన్ కొట్లో కూర్చుని, వేయించిన చేపా, బామీ రొట్టే తింటూ నొక్కుతావు. పర్లీన్ మా పెద్దమ్మ కూతురు."

"బెదిరిస్తున్నారా నన్ను?"

"లెక్క చెబుతున్నాను."

"రోజుకి నాలుగు తోటలు చూసినా అరవై తోటలకి ఎన్నాళ్ళు పడుతుందో ఆ లెక్క కూడా చెయ్యండి! వారానికి రెండుసార్లే పెట్రోలిస్తారు. ట్యాబ్ మాత్రం అన్నీ ఒకేరోజు అడుగుతుంది. నొక్కకపోతే నా పేరు ఎర్రబడుతుంది. నేనూ దాని ట్యాగ్ కట్టుకున్నవాణ్ణే."

"చూశావా బ్రదర్, ఇప్పుడు మనిషిలా మాట్లాడుతున్నాడు."

"సరే. ఒక మాటనుకుందాం. ఈ పద్నాలుగూ అసలు నాటనే లేదని దిద్దేస్తాను. నాటేటప్పుడు లెక్క తప్పిందని. ఆఫీసరుకి ఆ వీలుంది. మీ పంట మీరు కోసుకోండి. నేను మేకల్ని చూడలేదు, మీరు నన్ను చూడలేదు."

"అక్కర్లేదు."

"అదేంటి! మీకు మంచి చెయ్యబోతుంటే..."

"సిస్టర్, తీసుకో. నా కోసం నీ పంట పోగొట్టుకోకు. లారీ ఎల్లుండే."

"నువ్వూరుకో బ్రదర్. నీ ఒక్కడి కోసమే అనుకున్నావా? వచ్చే ఏడు మళ్ళీ నాటాలి. మళ్ళీ మగవి వస్తాయి. ఏటేటా ఇలా ఎవరో ఒకరు దయతలచి దిద్దేదాకా ఎదురుచూడ్డం నా వల్ల కాదు. సరుకు మంచిదైనప్పుడు గుడ్డ కప్పి అమ్మడం నాకు చేతకాదు."

"మరేం కావాలి మీకు?"

"నీ పలకలో 'ఆఫీసరు మాట' అని ఒక గడి ఉంది. ఖాళీ గడి. అక్కడ నాలుగు జవాబులుండవు. ఏం జరిగితే అది రాయొచ్చు. విచారణ వాళ్ళు తెరవగానే ముందు కనబడేది కూడా అదే."

"మీకెలా తెలుసు?"

"పోయినవారం చర్చి హాల్లో మీవాళ్ళు రైతులకి పాఠం చెప్పారుగా. రెండు గంటల పాఠం. అందరూ కునుకు తీశారు. నేను తియ్యలేదు."

"అది పాడైన గడి మిస్ అయోనీ. నేనెప్పుడూ తెరవలేదు. తెరుచుకోదు."

"కొట్లో తెరుచుకోదు. జీపులో తెరుచుకోదు. ఆఫీసరు కంచె లోపల నిలబడి నొక్కితేనే తెరుచుకుంటుందని చెప్పారు. గేటు తీశాను, రా."

"ఒకసారి పంపాక తుడవడానికి ఉండదు. తిన్నగా కింగ్‌స్టన్ పోతుంది. నా ఉద్యోగం..."

"నా పంటా పోవచ్చు. మేకలకి కట్టానన్నది కూడా పూర్తిగా రాయి. ఇద్దరం ఒకే తక్కెట్లో కూర్చుందాం. లోపలికొస్తావా, రావా?"

"ఆఫీసర్, రావాలని లేకపోతే పో. మేం పట్టుకోం. కానీ పోయేముందు, నా మొహం చూసి ఇంకొక్కసారి 'వెతికాను, కనబడలేదు' అని చెప్పి పో."

"...గేటు దగ్గర ఆ మేకని పట్టుకోండి. లోపలికొచ్చేస్తుంది."

"పట్టుకున్నాలే. నడు. మొక్కల మధ్యకి రా, మొహమాటపడకు. తెరుచుకుందా?"

"ఆగండి, ఆగండి. ...తెరుచుకుంది."

"ఏంటలా నిలబడిపోయావు?"

"ఏం లేదు. మామ్మ పెరటి వాసన."

"ఆవిడుంటే ఈపాటికి నీ చెవి పట్టుకునేది. రాయి."

"రాస్తున్నాను. 'రైతు ఆగస్టు నాలుగున ఫోన్ చేసింది. అధికారి రాలేదు. అయిదున పద్నాలుగు మగమొక్కలు తీసేసింది. తీయకపోతే పంటంతా గింజ కట్టేది. కారణాల్లో మగమొక్క అన్న మాట లేదు.' సరేనా?"

"ఫోన్లు పదకొండు."

"'పదకొండుసార్లు ఫోన్ చేసింది.' తర్వాత... 'ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్ తనిఖీలు నేను తోటకి రాకుండా రాసినవి.'"

"రాశావా ఆ మాట?"

"రాశాను బ్రదర్. ఇదీ రాస్తున్నాను: 'అరవై తోటలకి ఒక జీపు. మూడు రోజుల్లో వెళ్ళాలన్న రూలు రాసినవారు ఒకసారి వచ్చి ఈ కొండ ఎక్కవలెను.'"

"ఎక్కవలెను! అబ్బో, నాయనకి పౌరుషమొచ్చింది."

"రానివ్వండి. ఎలాగూ పోతుంది ఉద్యోగం, మూలుగుతూ పోవడం దేనికి? ఇంకొక్కటి మిగిలింది. ట్యాగులు మేకలకి కట్టిన తారీఖు. ఆగస్టు అయిదేగా?"

"కాదు. మొన్న ఆదివారం. చర్చి నుంచొచ్చాక."

"మొన్నా? మరి ఈ రెండు నెలలూ ఎక్కడున్నాయి?"

"కంచె గుంజలకి. పద్నాలుగు గుంజలకి పద్నాలుగు."

"గుంజలకా! అంటే నేను రాసిన 'నాలుగడుగులు'..."

"నాలుగడుగుల గుంజలే. నువ్వు రాసిన దాంట్లో నిజం అదొక్కటే."

"'పచ్చగా ఉంది' అని కూడా రాశాను."

"కిందటేడు పచ్చరంగు వేయించాను. అదీ నిజమే అనుకో."

"నవ్వకండి బ్రదర్."

"ఏప్రిల్ నుంచి నవ్వలేదు ఆఫీసర్. నవ్వనీ."

"సరే. రాశాను. పంపిస్తున్నాను. ...పోయింది."

"మార్కు?"

"ఎర్ర మార్కు కాదు, పసుపు. హెచ్చరిక. ఆడమొక్కలు నూట తొంభై ఎనిమిదీ ఈసారి నిజంగా లెక్కపెడతాను, ఒక్కొక్కటీ ముట్టుకుని. అన్నీ ఉంటే కోతకి తాళం తెరుస్తాను. తర్వాత పైవాళ్ళు ఏమంటారో నాకు తెలీదు."

"అననీ. లెక్కపెట్టు. ఆ మూల నుంచి మొదలెట్టు, ఎండ వీపు మీద పడుతుంది."

"ఇది కాగానే పై తోటకి రావాలి. బ్రదర్ గడి ఆయన కంచెలోనే తెరుచుకుంటుంది. ఎంత దూరం బ్రదర్?"

"మేకకి పది నిమిషాలు. ఆఫీసరుకి ఆరు నెలలు."

"...నడుస్తాను. చీకటి పడినా సరే, ఈరోజే రాస్తాను. రేపు పొద్దున మీ పేరు తెరవగానే అదే కనబడుతుంది. మిస్ అయోనీ, ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు."

"అడుగు."

"గుంజలకి కట్టినన్నాళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు. ఇంకో రెండ్రోజులాగితే కోత అయిపోయేది, లారీ వెళ్ళిపోయేది, మీ జోలికి ఎవడూ వచ్చేవాడు కాదు. అంత కుదురుగా ఉన్నవాటిని ఊడదీసి మేకల మెడలో ఎందుకు కట్టారు?"

"గుంజలకే ఉంటే నువ్వొచ్చేవాడివా?"